తోడేలు వదిలిన ముద్ద

మాస్టరు ఎవర్ని చూసినా ముందు భుజాలు చూస్తాడు, మొహం తర్వాత. ఎడమ భుజం దిగిందా, వీపు వంగిందా, పొట్ట ముందుకొచ్చిందా అని ఓ చూపు చూసి, ఆ మనిషి పుట్టుపూర్వోత్తరాలు తెలిసిపోయినట్టు "ఊఁ" అంటాడు. బళ్ళో చదువు సగంలో ఉండగా తండ్రి చెవి పట్టుకుని లాక్కొచ్చి కుట్టుమెషిను ముందు కూర్చోబెట్టాడు. అప్పట్నుంచీ కూర్చునే ఉన్నాడు. ఇప్పుడు జనం కుట్టిన బట్టలే కొనుక్కుంటున్నారు. పొడుగు తగ్గించడానికీ, జిప్పు మార్చడానికీ మాత్రం ఈయన గుర్తొస్తాడు. "విందు వాళ్ళింట్లో, అంట్లు మనింట్లో" అని గొణుక్కుంటూ జిప్పు మారుస్తాడు.

ఆ కడుపుమంట చల్లార్చుకోవడానికి నాటకాలు రాస్తాడు. రాసేది కటింగ్ కాయితాల వెనకే. ఒక పక్క ఎవరిదో చొక్కా చెయ్యి, రెండో పక్క ఎవరిదో ఏడుపు. ఏడాదికొకటి వీధివాళ్ళంతా కలిసి సంఘం హాల్లో వేస్తారు. సెలూనాయన ఆడిస్తాడు, పెద్ద వేషం కూడా ఆయనే కడతాడు. గొంతు పెద్దది, సిగ్గు తక్కువ. తెర వెనక నిలబడి మాటలందించేది మాస్టరు భార్య. ఆ కాయితాల మీద మొగుడి రాత చదవగలిగింది ప్రపంచంలో ఆవిడొక్కతే.

ఇక వీళ్ళలో నాలుగో మనిషి బుడంకాయ. ఆవిడ తమ్ముడు. చిన్నప్పుడు గుండ్రంగా ఉండేవాడని పెట్టిన పేరు, మనిషి ఎముకల గూడైన రోజుల్లో కూడా పోలేదు. కొన్నేళ్ళపాటు వాణ్ణి సారా మింగేసింది. వాడు సారా తాగాడని అందరూ అంటారు గానీ, చూసినవాళ్ళకి తెలుసు ఎవర్నెవరు తాగారో. ఈమధ్య రెండేళ్ళుగా చుక్క ముట్టలేదు. కొట్టు వెనక ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి, ఎవరి చొక్కా అయినా సొంత బిడ్డ వీపు నిమిరినట్టు నిమురుతూ పని చేసుకుంటున్నాడు.

ఆ సాయంత్రం మాస్టరు కొత్త నాటకం చదివాడు. ఒక మంచివాడు తోడేలైపోయే కథ. మొదట మాట పోతుంది, తర్వాత నడక పోతుంది, ఆ తర్వాత సిగ్గు పోతుంది. అక్క ఇంటి గుమ్మం దగ్గర పడుకుని తలుపు గోకుతుంటాడు. బావ కర్రతో అదిలిస్తాడు. అక్క జాలిపడి కంచం పెడితే తన్నేసి, తిండంతా నేల మీద చల్లి, గుర్రుమంటాడు. చివరి రంగంలో వీధి జనం చుట్టుముట్టి కొట్టి చంపుతారు.

"అబ్బ! ఆ చివరి బాదుడుకి హాలు లేచి నిలబడుతుంది మాస్టారూ!" అని సెలూనాయన తొడ చరిచాడు. "ఆ బావ వేషం నాది, నాకే రాసినట్టుంది. మరి తోడేలెవరు?"

ఇస్త్రీ బల్ల దగ్గర్నుంచి ఆవిరి బుస్సుమంది.

"నేనేస్తా," అన్నాడు బుడంకాయ, తలెత్తకుండా.

అప్పుడే టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలోకొచ్చిన ఆవిడ, పళ్ళెం కటింగ్ బల్ల మీద పెట్టిన తీరుకి గ్లాసులన్నీ తలా ఒక గుక్క కక్కుకున్నాయి. టీ పోయి కాయితాల్లో చచ్చిపోబోయే తోడేలు మీద పడింది. ఆవిడ తుడవలేదు.

భోజనాల దగ్గర మాస్టరు ఆపుకోలేకపోయాడు. "ఏమే, కూరలో ఉప్పెక్కువైంది."

"రుచి తెలుస్తోందా? అయితే మీరింకా మనుషుల్లోనే ఉన్నారన్నమాట."

"అది వట్టి కథే."

"తలుపు గోకడం కథా? వాడి గోళ్ళ గీతలు మన తలుపు మీద ఇంకా ఉన్నాయి. మీరు రంగేయించారు. చేత్తో తడిమి చూడండి, రంగు కింద తగులుతాయి."

"నేను రాసినదాంట్లో ఒక్క అబద్ధం చూపించు," అన్నాడు మాస్టరు, గొంతు పెంచి. "మనం కుట్టిన పెళ్ళికొడుకు కోటు మీద వాడు వాంతి చేసుకోలేదా? నేను పెళ్ళిపందిట్లోకి పోయి దండం పెట్టలేదా? ఇప్పుడు మనిషయ్యాడుగా. ఇంక దాని గురించి రాస్తే బాధేంటి?"

ఆవిడ గరిటె దించింది. "ఇప్పుడయ్యాడా? మరప్పుడేంటి వాడు?"

మాస్టరు నోటి దాకా వచ్చిన ముద్దని కంచంలో దించాడు.

"ఒకటి చెప్తా వినండి," అంది ఆవిడ, అరవకుండా. ఆవిడ అరిస్తే ఫరవాలేదు, అరవకపోతేనే భయం. "ఈ నాటకం పుణ్యమా అని వాడు మళ్ళీ ఈ గుమ్మం దాటి పోయాడో, ఈసారి మాత్రం నేను కిటికీలోంచి చూస్తూ కూర్చోను. వాడి వెనకే పోతా. మీ తోడేలుతో మీరే కాపరం చేసుకోండి."

ఆవిడ అన్న మాట మీద నిలబడే మనిషి. మాస్టరుకి ఆ కూరలో ఉప్పు ఆ తర్వాత తెలియలేదు.

రిహార్సళ్ళు మొదలయ్యాయి. బుడంకాయ తోడేలు వేస్తుంటే చూడ్డానికి పక్క కొట్లవాళ్ళు పని మానుకుని వచ్చేవాళ్ళు. అందరూ కోరలు చూపించి గుడ్లు ఉరుముతారు కదా, వాడు అది చెయ్యలేదు. నిలబడ్డవాడు మెల్లగా, ఎవరో భుజం మీద చెయ్యి వేసి కిందికి నొక్కుతున్నట్టు వంగిపోయేవాడు. మాట కోసం నోరు తెరిచి, అది దొరక్క, దొరకలేదని ఎవరికీ తెలియకూడదన్నట్టు మూసుకునేవాడు. జనం చప్పట్లు కొట్టేవాళ్ళు. సెలూనాయన "కుమ్మేశావురా బుడంకాయ్!" అనేవాడు. మాస్టరు మాత్రం చూడలేక, పక్కకి పోయి దారం రంగులు వెతుక్కునేవాడు. వెతికేది ఎప్పుడూ నల్లదారమే, అది చేతిలోనే ఉండేది.

ఎలాగైనా వాణ్ణి ఆ వేషంలోంచి తప్పించాలని, ఒక మధ్యాహ్నం గిరాకీ లేని వేళ టేపు తీసుకుని వెనక్కి వెళ్ళాడు.

"ఇటు తిరుగు, కొలతలు తియ్యాలి. అసలు ఈ వేషం నీకు పట్టదేమోరా. పొట్టొచ్చింది. తోడేలు బక్కగా ఉండాలి."

"ఏం చెయ్యను బావా, అక్క చేతి తిండి. తోడేలు కూడా ఒళ్ళు చేస్తుంది."

వాడు చేతులెత్తి నిలబడ్డాడు. ఊళ్ళో అందర్నీ కొలిచిన మాస్టరు ఇంట్లో మనిషిని ఎప్పుడూ కొలవలేదు. గల్లా పట్టుకుని బయటికి నెట్టడానికి తప్ప వాడి ఒంటి మీద చెయ్యి వేసింది కూడా లేదు. ఛాతీ చుట్టూ టేపు తిప్పుతుంటే వాడి ఊపిరి వేళ్ళకి తగిలింది. నడుం దగ్గరికి వంగినప్పుడు ఇస్త్రీ బల్ల కింద సంచి కనపడింది. నిండుగా, మూతి బిగించి ఉంది.

"ఆ సంచేంటి?"

"చొక్కాలు."

"చొక్కాలకి చిలక్కొయ్య లేదా?"

బుడంకాయ చేతులు దించలేదు. "నాటకమయ్యాక చెప్దామనుకున్నా. పాత మేస్త్రీ కబురు పెట్టాడు. అవతలూళ్ళో పనుందంట, రమ్మన్నాడు."

"ఏ మేస్త్రీ? పొద్దున్నే నోరు సీసాతో పుక్కిలించేవాడా?"

"వాడే."

మాస్టరు టేపు లాగేసుకున్నాడు. అంటే వాడు పోతాడు. పోయి మళ్ళీ అందులోనే పడతాడు. వాడి వెనక ఆవిడ. ఈ కొట్లో తనూ, మెషినూ, చెప్పినట్టు చచ్చే తోడేలూ మిగుల్తాయి.

"ఆ తోడేలు నువ్వేనని నీకు తెలిసిపోయిందన్నమాట," అన్నాడు మాస్టరు.

"మన వీధిలో తలుపులు గోకిన తోడేళ్ళు ఎన్నున్నాయి బావా?"

"మరి వేస్తానని ఎందుకన్నావురా?"

"ఇంకొకడు వేస్తే వెకిలిగా వేస్తాడు. నా తోడేల్ని నేనే వేసుకోవాలనిపించింది. పైగా చివర కొడతారుగా. అందరి ముందూ కొట్టించుకుని పోతే, మీ ఇద్దరి రుణం అక్కడికి చెల్లు అనుకున్నా." వాడు నవ్వాడు. "చెయ్యి దించొచ్చా? లాగుతోంది."

"దించు."

దించి, భుజం రుద్దుకుని, ఇస్త్రీపెట్టె మాడ్చకుండా పక్కకి పెట్టి, అప్పుడన్నాడు. "కోటూ నిజమే, తలుపూ నిజమే. ఒక్కటి మాత్రం తప్పు రాశావు బావా. తిండి."

"తిండేంటి?"

"తోడేలు కంచం తన్నేసిందని రాశావు. ఎప్పుడు తన్నాను? తినేవాణ్ణి. తిని, చివర ఒక ముద్ద ఉంచేవాణ్ణి. దాని మీద మూత పెట్టి, పిల్లులు ముట్టకుండా మూత మీద రాయి పెట్టేవాణ్ణి."

మాస్టరుకి వీపున సూది గుచ్చుకున్నట్టయింది. ఆ కంచం ఆయనకి తెలుసు. ఇల్లంతా వినపడేలా "ఈ గుమ్మం తొక్కితే కాళ్ళు విరగ్గొడతా" అని కేకలేసి, పెరటి తలుపు గడియ పెట్టబోయే ముందు ఎవరూ చూడకుండా ఆ కంచం మెట్టు మీద పెట్టింది ఆయనే. పొద్దున్నే తలుపు తీస్తే మూత మీద రాయి, కింద ఒక ముద్ద. అది చూసిన ప్రతిసారీ ఆయన ఒళ్ళు మండేది. పెట్టింది కూడా పూర్తిగా తినడు, పైగా మొహాన కొట్టినట్టు రాయొకటి, ఎంత పొగరు అనుకునేవాడు. ఆ పొగరునే రాసుకుంటూ రాసుకుంటూ పోతే, కలం కింద అది తన్నిన కంచమై కూర్చుంది.

"ఎందుకురా?" అన్నాడు మాస్టరు. "ఎందుకుంచేవాడివి?"

"పెట్టినవాళ్ళు తిన్నారో లేదో తెలీదుగా." బుడంకాయ తనకే తెలియని సంగతి చెబుతున్నట్టు తడుముకున్నాడు. "తలలో ఇంకేం మిగల్లేదు బావా. ఎవరైనా పేరడిగితే నోటికొచ్చేది కాదు. అయినా అదొక్కటి ఎలాగో ఉండేది, పెట్టినవాళ్ళకి ఓ ముద్ద ఉంచాలని. ఎక్కణ్ణుంచి వచ్చేదో నాకూ తెలీదు."

"అక్క పెట్టిందనుకునేవాడివా?"

"అక్క పెడితే మూత సరిపోయేది పెడుతుంది. నాకెప్పుడూ పెద్ద కంచానికి చిన్న మూత, లోపలికి జారిపోయి కూరలో తేలుతుండేది. లోకమంతటికీ కొలతలు తీస్తావు, కంచానికి మూత కుదర్చలేవు. నువ్వే అని తోడేలుకి కూడా తెలిసింది." ఇస్త్రీ బల్ల మీది చొక్కా మడత సర్దాడు. "నన్ను తోడేల్ని చేస్తే చేశావు. ఆ బావగాడి చేతిలో కర్ర తప్ప కంచం లేకుండా చేశావేంటి? నీ నాటకంలో ఇద్దరున్నారు తోడేళ్ళు."

మాస్టరు టేపు మెడలో వేసుకుని, కొలతలు రాసుకోకుండానే వచ్చేశాడు.

ఆ వారమంతా కొట్లో కాయితం చిరిగిన చప్పుడే. తిట్టడం తేలికని ఆయనకి తెలుసు, నలభై ఏళ్ళుగా లోకాన్ని తిడుతూనే ఉన్నాడు. మనిషితనం పోయినవాణ్ణి రాయడం కూడా తేలికే అనుకున్నాడు. ఒక్కొక్కటే తీసెయ్యడమేగా, చొక్కా కుట్లు విప్పినట్టు. అన్నీ తీసేశాక అడుగున ఏం మిగిలిందో చూడాలని మాత్రం తోచలేదు. తండ్రి ఒక మాట అంటుండేవాడు, "కుట్టేది ఇవాళ్టి ఒంటికి, లోపల వదిలే గుడ్డ రేపటి ఒంటికి" అని. ఎవడు ఒళ్ళు చేస్తాడో, ఎవడు చిక్కుతాడో చెప్పలేం కాబట్టి, కుట్టు లోపల రెండు వేళ్ళ గుడ్డ మడిచి వదలాలి. ఏ తలమాసినవాడి చొక్కాకైనా వదిలాడు. బామ్మర్దికి రాసేటప్పుడు మాత్రం అంచు దాకా కత్తిరించేశాడు.

చివరి బాదుడు కొట్టేశాడు. తోడేలు మళ్ళీ మనిషైనట్టు రాసి చూశాడు, అదీ కొట్టేశాడు. అంత తేలిగ్గా అవుతారా ఎవరైనా. కంచం మిగిలింది, ముద్ద మిగిలింది. మర్నాడు బావ వచ్చి మూత తీసి, ఆ ముద్ద తింటాడు. అంతే రాశాడు. ఆ బావ అప్పుడేమంటాడో ఎంత గింజుకున్నా రాలేదు, ఖాళీ వదిలేశాడు.

కొత్త చివర విని సెలూనాయన దిగాలుపడిపోయాడు. "బాదుడు తీసేశారా? జనం వచ్చేదే దానికి కదా! పోనీండి. కర్ర పట్టుకుని అంత అరిచినవాడు, మళ్ళీ దొంగచాటుగా కంచం పెడతాడా? ఎక్కడన్నా ఉందా?"

"ఉంది."

"ఎందుకు పెడతాడండీ?"

"నీకెందుకయ్యా, పెట్టు."

"సరే పెడతా. ఆ ముద్ద తినడం మాత్రం నావల్ల కాదు. వాడు నా కళ్ళ ముందు తిని వదిలిన ఎంగిలి, నేనెలా తింటానండీ? తిన్నట్టు నటిస్తా."

"నటించడానికి వీల్లేదు," అన్నాడు మాస్టరు.

"అయితే తమరే తినండి!"

మూల కూర్చుని కొత్త కాయితాలు చదువుకుంటున్న ఆవిడ తలెత్తి మొగుడి వంక చూసింది. ఉప్పు గొడవ తర్వాత ఆవిడ ఆయన్ని నేరుగా చూడ్డం అదే మొదలు. స్టేజీ అంటే కాళ్ళు వణికే మాస్టరు, "తింటా," అన్నాడు.

తోడేలు వేషం ఆయనే కుట్టాడు. పాత దుప్పటి బొచ్చు, లోపల మెత్తటి అస్తరు. హుక్కులు వెనక పెడితే చూడ్డానికి బాగుంటుందని సెలూనాయన అన్నా వినకుండా ముందు పెట్టాడు, ఎవరి సాయమూ లేకుండా విప్పుకునేలా. పంజాలు వేరేగా, మణికట్టు దగ్గర వదులుగా కుట్టాడు. కుట్టు లోపల రెండు వేళ్ళకి మూడు వేళ్ళ గుడ్డ వదిలాడు. సంచి మాత్రం ఇస్త్రీ బల్ల కింద అలాగే ఉంది. ఆయన అడగలేదు, వాడు చెప్పలేదు.

ప్రదర్శన రోజు హాలు నిండింది. బుడంకాయ నాలుగు కాళ్ళ మీద రాగానే వెనక బెంచీల నుంచి ఎవడో ఊళపెట్టాడు, ఇంకొకడు "ఒరే, వీడికి వేషం ఎందుకురా, నాలుగేళ్ళు ఉత్తినే వేశాడు!" అన్నాడు. జనం విరగబడి నవ్వారు. తెర పక్కన నిలబడ్డ మాస్టరు ఒక అడుగు ముందుకేసి ఆగాడు. బుడంకాయ ఊళ పెట్టినవాడి వైపు తిరిగి, వాణ్ణి గుర్తుపట్టడానికి ప్రయత్నించి, గుర్తు రాక తల దించుకున్నాడు. దాంతో నవ్వు పల్చబడింది.

తర్వాత బావ వేషంలో మాస్టరు రావాలి. కర్ర పట్టుకుని వచ్చాడు. వచ్చి, స్తంభంలా నిలబడ్డాడు. తన చేత్తో తను రాసుకున్న మాట ఒక్కటి గుర్తు లేదు.

"ఏరా, మళ్ళీ వచ్చావా," అని తెర వెనక నుంచి ఆవిడ అందించింది.

మాస్టరు నోరు తెరిచాడు.

"ఏరా, మళ్ళీ వచ్చావా అనండి!" ఈసారి హాలంతా విన్నది.

"ఏరా... మళ్ళీ వచ్చావా," అన్నాడు మాస్టరు. కేక వెయ్యాల్సిన మాట, ఎన్నాళ్ళుగానో ఎదురుచూస్తున్న మనిషిని అడిగినట్టు వచ్చింది. అయినా ఆగకుండా కానిచ్చాడు. అటూ ఇటూ చూసి, చాటున దాచిన కంచం తెచ్చి మెట్టు మీద పెట్టి, మూత వేశాడు. పెద్ద కంచం, చిన్న మూత. మూత జారి లోపల పడింది. తెర వెనక ఆవిడ పైట నోటికి అడ్డం పెట్టుకుని కూడా ఆపుకోలేక కిసుక్కుమంది.

తోడేలు వచ్చి తిన్నది. వంగి, ఆత్రంగా, కళ్ళు మూసుకుని తిన్నది. హఠాత్తుగా ఆగింది. మిగిలిన తిండిని నెమ్మదిగా దగ్గరికి చేర్చి, ముద్దలా ఒత్తి, మూత పెట్టింది. అప్పుడు రాయి కోసం చూసింది.

రాయి లేదు. కర్ర, కంచం, మూత అన్నీ చూసుకున్న మాస్టరు రాయి పెట్టడం మర్చిపోయాడు. తెర పక్క నుంచి అది చూసి ఆయన జేబులు వెతుక్కున్నాడు. బుడంకాయ మెట్టంతా తడిమాడు. ఒకసారి కంచం వైపు, ఒకసారి చీకటి వైపు చూశాడు, పిల్లి ఏదో వస్తున్నట్టు. తర్వాత తన కుడి పంజా పళ్ళతో పట్టి లాగాడు. వదులుగా కుట్టిన పంజా ఊడొచ్చింది. లోపల్నుంచి ఇస్త్రీ చేసి చేసి వేడికి ఎర్రబడ్డ మనిషి చెయ్యి బయటపడింది. ఆ పంజాని మూత మీద బరువు పెట్టి, కదలకుండా ఒకసారి నొక్కి, చీకట్లోకి పాక్కుంటూ పోయాడు. మూడు కాళ్ళు తోడేలువి, ఒక చెయ్యి వాడిది.

ముందు బెంచీలవాళ్ళు లేచి ఆ చీకట్లోకి తొంగి చూశారు.

మాస్టరు వచ్చాడు. పంజా తీసి చంకలో పెట్టుకుని, మూత తీసి, మెట్టు మీద కూర్చుని ఆ ముద్ద తిన్నాడు. చల్లారిపోయింది. ఉప్పు సరిపోయింది. మాట్లాడాల్సిన చోట కాయితం మీద ఖాళీయే ఉంది కదా, తెర వెనక నుంచి కూడా ఏమీ రాలేదు. తెర దించే తాడు పట్టుకుని సెలూనాయన ముక్కు చీదుతున్నాడు. అందుకే తెర ఆలస్యంగా పడింది.

ఇంటికి నడుస్తుంటే ఆవిడ పక్కకొచ్చింది. మాస్టరు గొంతు సవరించుకున్నాడు. "ఆ కంచం సంగతి... నీకు చెప్పలేదు అప్పట్లో."

"ఏం చెప్తారు? ఇద్దరికి వండిన గిన్నెలోంచి మూడో కంచం నిండుతుంటే, ఆ తిండి ఆకాశం నుంచి రాలుతోందనుకున్నారా?"

మాస్టరు నడక ఆగిపోయింది. "నువ్వు ఎక్కువ వండేదానివా?"

"ఎక్కువ వండి, చూడనట్టు పడుకునేదాన్ని. మూతయినా సరైంది పెడతారేమోనని రోజూ అనుకునేదాన్ని, పెట్టలేదు. పదండి, చలేస్తోంది."

మర్నాడు పొద్దున్న మాస్టరు కొట్టు తలుపు భయం భయంగా తీశాడు. ముందు ఇస్త్రీ బల్ల కిందకే చూశాడు. సంచి లేదు. వెనక్కి తిరిగి వీధిలోకి పరిగెత్తబోయాడు. అప్పుడు బుస్సుమని ఆవిరి చప్పుడైంది.

బుడంకాయ బల్ల వెనక మూల నిలబడి ఉన్నాడు. ఖాళీ సంచి భుజం మీద తువ్వాల్లా పడుంది. సంచిలో నలిగి ముడతలు పడ్డ తన చొక్కాల్ని ఒక్కొక్కటే ఇస్త్రీ చేసి, చిలక్కొయ్యకి తగిలిస్తున్నాడు.

మాస్టరు కాసేపు ఆ భుజాలు చూశాడు. మామూలుగా అయితే "ఊఁ" అనాలి, రాలేదు. ముక్కు ఎగబీల్చి, పోయి మెషిను ముందు కూర్చున్నాడు.

"గిరాకీ బట్టలు అక్కడ కుప్ప పడుంటే, పొద్దున్నే సొంత సోకులా? కరెంటు నీ బాబు ఇచ్చాడా?"

"బావ ఇచ్చాడు," అన్నాడు బుడంకాయ, తలెత్తకుండా.